నడవబుద్ధి కాని మనిషి

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పనంతా టీకాలు, కాన్పులు, మలేరియా మాత్రలు. దిగిపోయే నాటికి షుగరూ బీపీ కలిసి వాటన్నిటినీ మింగేశాయి. అందుచేత నా సర్వీసు చివరి భాగం మనుషుల్ని నడవమని చెప్పడంలోనే గడిచిపోయింది. పొద్దున్న నడవండి, సాయంత్రం నడవండి, నడిస్తే షుగరు దిగుతుంది, నడవకపోతే కాలు పోతుంది. ఈ మాటలు ఎన్ని అరుగుల మీద కూర్చుని చెప్పానో నాకే గుర్తు లేదు. ఇప్పుడు ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కూడా నోరు నొప్పి పుట్టేలా ఇవే చెబుతున్నారు. వినేవాళ్ళు బుద్ధిగా తలలూపుతారు. ఈ పిల్లలు వీధి మలుపు తిరగగానే లోపలికి పోయి నడుం వాలుస్తారు. అప్పుడు ఈ పిల్లలకి ఒళ్ళు మండుతుంది. నాకూ మండేది.

మీకు ఉపదేశం చెయ్యడానికి ఇది రాయడం లేదు. ఇన్నేళ్ళైనా నాకు వింతగానే ఉన్న ఒక మనిషి సంగతి చెబుదామని, అంతే.

అప్పుడు నేను పొందూరు దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజరుని. పేరుకి సూపర్‌వైజరునే గాని ఊళ్ళో అందరికీ నర్సమ్మనే. ఆ ఊళ్ళో అక్కాచెల్లెళ్ళిద్దరు వీధి తేడాతో కాపురాలు ఉండేవారు. ఇద్దరూ యాభై దాటినవాళ్ళు. ఒకే కడుపున పుట్టి, ఒకే గంజి తాగి పెరిగినవాళ్ళు. అక్కకి, ఆ ఊరి మాటలో 'అప్ప'కి, కాలు నిలవదు. కొడుకులు వ్యవసాయం చూసుకుంటున్నా సరే, తెల్లారగానే పొలం గట్టు మీద ఉండాల్సిందే. సంతకి ఆటోలు తిరుగుతున్నా ఎక్కదు. ఏ పనీ లేకపోతే కోడలి పుట్టింటికి నడిచి వెళ్ళి, అక్కడ మంచినీళ్ళు తాగి, నడిచి వచ్చేస్తుంది. చెల్లెలు రాట్నం ముందు కూర్చుంటే భోజనానికి పిలిచేదాకా లేవదు. ఆమె వడికిన నూలు ఎంత సన్నగా ఉండేదంటే, ఖాదీ కేంద్రంలో దాన్ని వేరే పెట్టి, ప్రత్యేకమైన చీరలకి వాడేవారు.

షుగరు చెల్లెలికి వచ్చింది, అక్కకి రాలేదు. అంతకుముందు వాళ్ళ తల్లికి వచ్చింది. అది ముదిరి ఆవిడకి మోకాలి కింద కాలు తీసేశారు. చివరిదాకా మంచం దగ్గర ఉండి చేసింది ఈ చెల్లెలే. కాలు పోవడమంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఒక రోజు ఆమె ఆస్పత్రికి ఒంటి చెప్పుతో వచ్చింది. రెండో చెప్పు దారిలో ఎక్కడో జారిపోయింది. జారిన సంగతి ఆ కాలికి తెలియలేదు. మా డాక్టరుగారు పాదం మీద దూదితో రాసి "తెలుస్తోందా?" అని అడుగుతుంటే, ఆమె నా మొహం కేసి చూస్తోంది. ఔనని చెప్పాలో కాదని చెప్పాలో నా మొహంలో దొరుకుతుందేమోనని.

పక్కనే ఉన్న ఆమె భర్త ఊరుకోలేదు.

"దీనికి మందులెందుకండి నర్సమ్మా? ఒళ్ళొంచితే సాల్దా? వాళ్ళప్పని సూడండి, గుర్రంలాగ తిరుగుతాది. ఇదీ ఉన్నాది, ఎక్కడ కూలేస్తే అక్కడే. బద్దకపు గొడ్డు."

హాలునిండా జనం. ఆమె తల ఎత్తలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది గాని, నిజం చెప్పొద్దూ, ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. ఆ రోజుల్లో నా లెక్కలో మనుషులు రెండే రకాలు, చెప్పింది వినేవాళ్ళూ బద్ధకస్తులూ.

ఊళ్ళో ఆడవాళ్ళని కూడగట్టి పొద్దున్నే నడిపించే ఏర్పాటొకటి చేశాను. ఆమె వచ్చింది. అందరూ కబుర్లాడుకుంటూ ముందు పోతుంటే, వెనకాల కాళ్ళీడ్చుకుంటూ ఒక్కర్తీ వచ్చేది. కొన్నాళ్ళకి కడుపునొప్పి అంది, ఇంకొన్నాళ్ళకి చుట్టాలొచ్చారంది. ఆ తర్వాత సాకులు వెతుక్కోవడం కూడా మానేసింది.

అలాంటి రోజుల్లో ఎక్కడో పెద్ద ఊరి వైద్య కళాశాల నుంచి ఒక డాక్టరమ్మ మా దగ్గరికి వచ్చింది. చిన్న వయసు. మాటకి ముందు నవ్వు. కొంతమందికి కదలకపోతే తోచదు, కొంతమందికి కదలాలంటే ప్రాణం మీదికి వస్తుంది, ఈ తేడా పెంపకం వల్ల, అలవాటు వల్ల వచ్చిందేనా, పుట్టుకతో రక్తంలోనే కొంత ఉందా అన్నది ఆమె చూస్తున్న సంగతి. దానికి ఒకే ఇంటివాళ్ళు కావాలి. అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు, తల్లీకూతుళ్ళు.

మా ఫార్మసిస్టు వెంటనే అన్నాడు. "బద్దకానికి కూడా పరీచ్చ వొచ్చిందా? అయితే ముందు మన ఆఫీసులోనే మొదలెట్టమనండి మేడం."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ప్రశ్న నన్ను పట్టేసుకుంది. ఇన్నేళ్ళుగా నేను తిట్టిపోస్తున్నది మనిషి బుద్ధినా, పుట్టుకనా? అక్కాచెల్లెళ్ళిద్దరినీ నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

పుట్టుకతో వచ్చే గుణాల జాడ ఉమ్మిలోనూ దొరుకుతుందట, అందుకని చిన్న గొట్టంలోకి ఉమ్మి పట్టాలి. అదేదో తేలికే అనుకున్నాం. అక్కది అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. అది చూసి డాక్టరమ్మ నోరు వెళ్ళబెట్టింది. చుట్ట పారేయించి, నోరు పుక్కిలింపించి, కాసేపు కూర్చోబెట్టాక గాని అక్క ఉమ్మి పనికిరాలేదు. నడిచినంత మాత్రాన మిగతా పాపాలన్నీ మాఫీ అయిపోవని అక్కకి ఎన్నిసార్లు చెప్పానో, ఆమె ఎన్నిసార్లు నవ్వేసిందో!

చెల్లెలు గొట్టం నింపి మూత పెట్టింది గాని డాక్టరమ్మ చేతికి ఇవ్వలేదు.

"దీన్లో తెలిసిపోద్దా అమ్మా?"

"ఏమిటండీ?"

"నాది బద్దకవా, పుట్టుకా అని. సుగరు మా అమ్మ నుంచి వొచ్చినాదని మీరే అంటన్నారు. నడవబుద్ది కాకపోడవూ ఆవిడ నుంచే వొచ్చిందంటే, ఇంక నన్ననీసి లాభవేటి? ఆ ఒక్క ముక్కా మా ఆయనకి సెప్పీయండి, సాలు."

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఒక్కొక్కరి ఫలితం విడిగా చెప్పరట. అందరివీ కలిపి చూస్తే గాని ఏమీ తెలియదట.

"అయితే నా ఉమ్ము ఊరందరి ఉమ్ములో కలిపీస్తారా!" అంటూ చెల్లెలు గొట్టం ఇచ్చేసింది.

ఆమె నవ్వించడానికి అన్నదే గాని, ఆమె ఆశంతా ఆ గొట్టంలోనే ఉందని నాకు అర్థమైంది. నాకు భయం కూడా వేసింది. రక్తంలోనే ఉందని తేలితే ఆమె హాయిగా రాట్నం ముందు కూర్చుండిపోతుంది, తల్లి కాలు పోయినట్టే ఈమె కాలూ పోతుంది. లేదని తేలితే ఆ ఇంట్లో ఆమె బతుకు ఇంకాస్త చేదవుతుంది. రెండిట్లో ఏది తేలాలని కోరుకోవాలో నాకు పాలుపోలేదు.

ఊళ్ళో ఉమ్మి ఇచ్చిన ప్రతివాళ్ళ చేతికీ గడియారంలాంటి పట్టీ కట్టారు. నడిస్తే అడుగులు లెక్కపెట్టే యంత్రం అది. ఎడమ చేతికి కట్టుకోవాలి, స్నానానికి తప్ప తీయకూడదు. ఊళ్ళో కొన్నాళ్ళు అదే ముచ్చట. ఆడవాళ్ళు గాజుల పక్కన పట్టీ చూపించుకుని మురిసిపోయారు.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చి, పట్టీల్లోంచి లెక్కలు లాప్‌టాప్‌లోకి ఎక్కించిన రోజు నేను మరిచిపోలేను. ఆమె తెర చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసింది.

"ఈ ఊళ్ళో అందరికంటే ఎక్కువ నడిచింది ఎవరో తెలుసా నర్సమ్మగారూ? చెల్లెలుగారు. అక్కగారు ఆవిడ దరిదాపుల్లో లేరు."

అక్క ముక్కున వేలేసుకుంది. చెల్లెలి భర్త ఆ గదిలో ఉన్న ప్రతి మొహం కేసీ చూశాడు, ఎవరైనా వేళాకోళం చేస్తున్నారేమోనని. చెల్లెలు మాత్రం తన చేతినున్న పట్టీని చూసుకుంటూ అంది.

"నడిసినట్టు నాకే తెలీలేదమ్మా."

"ఇంటి చుట్టూ తిరుగుళ్ళు కూడా లెక్కే కదండీ. అవన్నీ కలుస్తాయి," అంది డాక్టరమ్మ. ఆమె మహా సంతోషంలో ఉంది. ఇంకొన్నాళ్ళు ఉంచుకోండని చెల్లెలి పట్టీ తీసుకోకుండా వెళ్ళిపోయింది.

తర్వాత ఆ ఇంట్లో జరిగిన మార్పు చూసి తీరాల్సిందే. భర్త టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాడు. "మా యింటిది ఊళ్ళోకల్లా ఫస్టు. యంత్రం అబద్దవాడదు కదా!" వీధిలో వెళ్తుంటే జనం ఆమెని పలకరిస్తున్నారు. మా డాక్టరుగారు ఆస్పత్రిలో నడక మీద సభ పెట్టి ఆమెకి శాలువా కప్పుదామన్నారు. ఆమె మొహంలోకి ఒక కళ వచ్చింది. వీపు నిటారుగా పెట్టుకుని కూర్చోవడం అప్పుడే మొదటిసారి చూశాను.

షుగరు పరీక్షలో మాత్రం వీసమెత్తు మార్పు లేదు. నా మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టుగా ఉండేది. పైగా ఆ యంత్రం మాట నమ్మి భర్త ఆమెకి కొత్త తీర్పు చెప్పాడు, ఇంట్లోనే అంత తిరుగుతోంది కాబట్టి ఇంక రోడ్డెక్కక్కర్లేదని. మా డాక్టరుగారు కూడా దాన్నే నమ్మారు. "ఇంత నడుస్తున్నా దిగడం లేదంటే మాత్రలు చాలడం లేదు. ఇన్సులిన్ మొదలుపెడదాం," అన్నారు.

ఆ మాట వినగానే ఆమె మొహంలోని కళంతా ఆరిపోయింది.

"అమ్మకీ సూదులు మొదలెట్టినాకే కాలు తీసీసినారు నర్సమ్మా."

కాలు తీసింది సూదుల వల్ల కాదని, సూదులు ఆలస్యంగా మొదలుపెట్టడం వల్లనేమోనని చెప్పాను. ఆమె వినలేదు. వినే స్థితిలో లేదు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె మామూలుగానే వసారాలో రాట్నం ముందుంది. ఆమె వడుకుతుంటే చూడడం నాకు ఇష్టం. ఎడమ చేతిలో దూది ఏకు వెనక్కి వెనక్కి పోతూ ఉంటుంది, దాంట్లోంచి కంటికి ఆననంత సన్నటి పోగు సాగుతూ వస్తుంది. కుడి చెయ్యి చక్రాన్ని తిప్పుతూనే ఉంటుంది. ఆగదు. ఆ రోజు కూడా అలాగే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి గాని నా కళ్ళకి కనబడలేదు, ఆ తిరుగుతున్న కుడి చేతికే పట్టీ ఉందని. చక్రం తిరిగినప్పుడల్లా పట్టీ మీద అంకె మారుతోంది. ఆమె కూర్చున్న చోటు నుంచి కదలకుండా నడిచేస్తోంది.

నాకు ముందు నవ్వు ముంచుకొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వాను. ఆమె కూడా ఎందుకో తెలియకుండానే నాతో పాటు నవ్వింది.

"ఎడం సేతికి కట్టమన్నారు కదమ్మా, కుడికి ఎందుకు మార్సినావు?" అని ఆమె యాసలోనే అడిగాను.

"ఎడం సేత్తో నూలు లాగుతాను కదా తల్లీ. పట్టీకి తగిలి పోగు తెగిపోతన్నాది. తీయొద్దన్నారని, ఇటుకి మార్సినాను. సేతికే కదా కట్టుకోమన్నారు?"

చక్రం ఆపమని, అంకె చూడమన్నాను. మళ్ళీ తిప్పమని, మళ్ళీ చూడమన్నాను. ఆమె ఇంకో రెండుసార్లు తనే తిప్పి చూసుకుంది.

"నాకూ డౌటుగానే ఉండేది," అంది చివరికి. "కానీ అంత సదువుకున్నామె సెప్తన్నాది, యంత్రం సెప్తన్నాది. నాకు తెలీకుండానే నడుస్తన్నానేమో అనుకున్నాను. ఇప్పుడు ఆయనకి సెప్పాలా?"

"సెప్పాల. లేపోతే నువ్వు నడుస్తన్నావనుకొని మందులు మార్సీస్తారు."

"పెళ్ళైన కాడినుంచి సూసుకుంటే, ఈ నాలుగు రోజులే ఆయన నా పక్కన కూకొని టీ తాగినాడు నర్సమ్మా."

నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ పట్టీ విప్పి బ్యాగులో వేసుకోవడానికి నాకు చేతులు రాలేదు.

ఫోన్లో విషయం చెప్పగానే డాక్టరమ్మ వచ్చేసింది. కోపం తెచ్చుకుంటుందేమో, చదువుకున్నవాళ్ళ విసుగు ప్రదర్శిస్తుందేమో అనుకున్నాను. ఆమె రాట్నం ముందు చతికిలబడి, పట్టీని తన ఎడమ చేతికి కట్టుకుని, నూలు లాగబోయింది. పోగు పుటుక్కుమంది. పక్కనే కూర్చున్న అక్క పకపకా నవ్వింది.

"తప్పు నాదేనండీ," అంది డాక్టరమ్మ. "మీ ఎడమ చేతికి ఏం పనో అడగకుండానే కట్టేశాను. ఈ ఊళ్ళో రాట్నం తిప్పేవాళ్ళ లెక్కలన్నీ పక్కన పెట్టి మళ్ళీ తీసుకోవాలి."

భర్త గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "అదే కదా! నానప్పుడే అనుకున్నాను. ఇదేటి, నడవడవేటి!" అన్నాడు. శాలువా సంగతి ఊరంతా చెప్పుకున్నాడు కదా, ఆ పరువు తక్కువంతా ఆమె మీదే తీర్చుకుంటున్నాడు. ఆమె తెగిన పోగు అతుకుతూ కూర్చుంది.

అప్పుడు డాక్టరమ్మ ఒక ప్రశ్న అడిగింది. చాలా మామూలు ప్రశ్న. అక్కాచెల్లెళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "నడుస్తుంటే మీకెలా ఉంటుంది?" అంది.

అక్క ఠక్కున చెప్పింది. "ఎలాగుంటాది? మొదట కొంచిం బరువుగుంటాది. కాసేపు పోనాక ఒళ్ళు తేలికైపోతాది. పాణం హాయిగుంటాది. ఇంకా ఎల్దావా అనిపిస్తాది. ఎవులికైనా అంతే కదా?"

చెల్లెలు అక్క కేసి వింతగా చూసింది.

"తేలికవుతాదా? నిజంగానేటే అప్పా? నాకెప్పుడూ అవలేదే! మొదటి అడుగు ఎంత బరువో ఆకరడుగూ అంతే బరువు. ఎప్పుడైపోతాదా, ఎప్పుడు ఇంటికాడ పడతానా అనే. నీకు తేలికవుతాదని ఇన్నేళ్ళూ సెప్పనేలేదే!"

"నువ్వడగలేదు కదే!"

వాళ్ళిద్దరూ ఒకే పక్క మీద పడుకుని పెరిగారు. ఒకరి కడుపులోది ఒకరికి తెలుసనుకున్నారు. నడకనేది ఇద్దరికీ రెండు వేరు వేరు పనులని యాభై దాటాక, ఒక పరాయి పిల్ల అడిగితే బయటపడింది. నేను మాత్రం? ఎందరికో నడవమని చెప్పానే గాని, నడిస్తే ఎలా ఉంటుందని ఒక్కరినీ అడగాలని తోచలేదు నాకు. అక్కకి ఉన్నట్టే అందరికీ ఉంటుందనుకున్నాను.

డాక్టరమ్మ వివరించింది. అమ్మ దగ్గర ఉన్న పేకముక్కలూ నాన్న దగ్గర ఉన్న పేకముక్కలూ కలిపి పంచితే ఒక్కో బిడ్డకి ఒక్కో రకంగా పడతాయట. ఒకే ఇంటి పిల్లలైనా అందరికీ ఒకే ముక్కలు పడవు. ఒళ్ళు కదిలితే కొందరికి మనసుకి హాయి పుడుతుంది, కొందరికి ఆయాసమే ముందు తెలుస్తుంది. అందులో పుట్టుక పాత్ర కొంత ఉందనే తమ అనుమానమట. అలాగని అంతా అదే కాదు. ఇల్లూ, పనీ, అలవాటూ, పక్కనున్నవాళ్ళూ, అన్నీ కలుస్తాయి.

"అయితే నాకు మంచి ముక్కలు పళ్ళేదు," అంది చెల్లెలు.

"ఈ ఒక్క విషయంలో పడలేదేమో. కచ్చితంగా చెప్పలేను. కానీ ముక్కలు బాగా లేవని ఆట మానేస్తామా?" అని, ఆమె ఉన్నట్టుండి ఇంకో మాట అడిగింది. "మరి రాట్నం దగ్గర ఇంతసేపు ఎలా కూర్చుంటారండీ? నేనైతే కాసేపటికే పారిపోతాను."

"నూలు పెరుగుతాది కదమ్మా కదురు మీద. కళ్ళకి కనబడతాది. రోడ్డు మీద నడిస్తే ఏటి పెరుగుతాది? ఎల్లిన దారినే తిరిగొచ్చీడవే కదా."

ఈ మాట నా బుర్రలో దిగబడిపోయింది. ఇంటికి వెళ్ళినా వదల్లేదు. ఆమె వడికిన నూలు చిలపలుగా చుట్టి, వారానికోసారి కోడలు స్కూటీ మీద ఖాదీ కేంద్రానికి పట్టుకెళ్తుంది. కేంద్రం ఊరికి ఆ చివర. మర్నాడు వెళ్ళి, ఏ రోజు నూలు ఆ రోజు నువ్వే నడిచి ఇచ్చి రాకూడదా అన్నాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "సూస్తాను," అంది. మన వైపు ఆ మాటంటే సగం కాదన్నట్టే. కేంద్రంలో నూలు తీసుకునేవాడైతే గొణిగాడు, రోజూ ఒక్క మనిషి కోసం తూకం పెట్టాలా అని. వాడికి నాలుగు మంచి మాటలు చెప్పి ఒప్పించాను.

కొన్నాళ్ళ తర్వాత ఆ దారిలో ఆమె నాకు ఎదురైంది. గుడ్డలో చుట్టిన చిలప చంకలో పెట్టుకుని, ముఖం మాడ్చుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ వస్తోంది. అక్కని తోడు తెచ్చుకోవచ్చు కదా అన్నాను.

"అది వొద్దమ్మా. అది ముందుంటాది, నానెనకుంటాను. అందరూ సూసి నవ్వుతారు. నానొక్కర్తినీ ఎల్తాను."

నేను ఎదురైనప్పుడల్లా అడిగేదాన్ని, ఇప్పుడేమైనా తేలికవుతోందా అని. ఆమెని ప్రోత్సహించడానికి కాదు, నాకే తెలుసుకోవాలని ఆత్రం. అలవాటైతే ఇష్టం దానంతటదే వస్తుందని మనం చెబుతాం కదా. వస్తుందా? కొందరికి వస్తుందేమో. ఆమెకి రాలేదు. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "లేదమ్మా. అంతే బరువు." అయినా మర్నాడు చిలప పట్టుకుని బయల్దేరేది. షుగరు మెల్లిగా దిగడం మొదలైంది. మా డాక్టరుగారు ఇన్సులిన్ మాట వాయిదా వేశారు.

వానాకాలంలో ఒక దెబ్బ తగిలింది. చెప్పులో చిన్న రాయి దూరింది. మొద్దుబారిన కాలు కదా, ఖాదీ కేంద్రందాకా వెళ్ళి వచ్చేసినా తెలియలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే పాదం కింద పుండు. తల్లికీ మొదట అలాగే అయింది. కట్టు కట్టడానికి వెళ్ళినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "నా కాలు కూడా తీసీస్తారా?" అని అడిగింది. నేను ధైర్యం చెప్పాను గాని ఆ ధైర్యం నాలో లేదు. రోజూ వెళ్ళి పుండు కడిగి కట్టు మార్చేదాన్ని. కట్టు గుడ్డ విప్పుతున్నప్పుడల్లా లోపల దేవుడికి మొక్కుకునేదాన్ని. షుగరు ముందే దిగి ఉంది గనక పుండు ఎండింది. కాలు నిలిచింది.

మానాక ఇంక ఆమె రోడ్డెక్కదనుకున్నాను. నడవబట్టే కదా పుండైంది, అంతకన్నా మంచి సాకు ఎవరికి దొరుకుతుంది? భర్త కూడా మానెయ్యమన్నాడు. ఆమె మా దగ్గరికొచ్చి మెత్తటి చెప్పులు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. బయల్దేరే ముందు చెప్పులు తిరగేసి దులుపుకోవడం నేర్చుకుంది.

నేను రిటైరవడానికి కొంచెం ముందు డాక్టరమ్మ మళ్ళీ ఊరికి వచ్చింది. తాము చూసిన ఊళ్ళన్నిటి సంగతీ ఉమ్మి ఇచ్చినవాళ్ళకి చెప్పడం తన బాధ్యత అంది. పెద్ద సభేమీ కాదు. చెల్లెలి ఇంటి వాకిట్లోనే చాపలు పరిచి ఊళ్ళోవాళ్ళని కూర్చోబెట్టాం. భర్త అరుగు మీద పేపరు పట్టుకుని, తనకేమీ పట్టనట్టు కూర్చున్నాడు.

కదలాలనే ఉబలాటం కొంత పుట్టుకతో వస్తుందని తమకి కనిపించిందని డాక్టరమ్మ చెప్పింది. అది ఏ ఒక్క చోటా ఉండదట, ఎన్నో చోట్ల కొంచెం కొంచెంగా ఉంటుందట. ఈ మనిషి నడుస్తాడు, ఈ మనిషి నడవడు అని రక్తం చూసి ఎవరూ రాసి ఇవ్వలేరట. కాకపోతే కొందరికి ఆ పని సుళువు, కొందరికి కష్టం. అది మాత్రం నిజమేనంది.

చెల్లెలు వెనక వరసలో కూర్చుని ఉంది. లేచి నిలబడింది. నలుగురిలో ఆమె నోరు విప్పడం నేను ఎన్నడూ చూడలేదు.

"నాకో సిన్న డౌటు డాక్టరమ్మా. మా అప్పకి నడకంటే అన్నం తిన్నంత సుళువు. నాకు కొండెక్కినంత కట్టం. అంతేనా?"

"అంతే అనుకోవచ్చండీ."

"అయితే అప్ప నడిస్తే అందరూ మెచ్చుకుంటారేటి? అన్నం తింటే ఎవులైనా మెచ్చుకుంటారా? దానికి నడవాలనిపిస్తాది, నడుస్తాది. నాకు ఒక్కనాడూ అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. అయినా నడిసినాను. పుండైనాకా నడిసినాను. మరి మాయిద్దర్లో బద్దకం ఎవులికి లేనట్టు?"

అక్క చెల్లెలి కేసి చూసి, పక్కకి జరిగి చాప మీద ఆమెకి చోటిచ్చింది. డాక్టరమ్మ ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది. "మీరే ఎక్కువ కష్టపడ్డారండీ. బద్ధకస్తులు ఆ పని చెయ్యలేరు. మిమ్మల్ని ఆ మాట ఎవరన్నా అది తప్పు."

చెల్లెలు కూర్చోలేదు. అరుగు మీద పేపరు కేసి చూసింది. పేపరు కదల్లేదు.

"ఇంకోపాలి సెప్పండమ్మా, కొంచిం గట్టిగా. ఆయనకి కుడి సెవి ఇనబడదు."

డాక్టరమ్మ లేచింది. వాకిలి దాటి, అరుగెక్కి, ఆయనకి ఎడమవైపున కూర్చుని, మొదటినుంచీ మళ్ళీ చెప్పింది.